సున్నం వేశారు సరే, క్రోమియం పోయిందా?

తుప్పు పట్టిన బంపరో, మెరుపు పోయిన బుల్లెట్ సైలెన్సరో విజయవాడ ఆటోనగర్‌లో ఇచ్చివస్తే, ముఖం చూసుకునేంత మెరుపుతో తిరిగొస్తుంది. పైన కనబడేది క్రోమ్ పూత. దాని కింద నికెల్ ఉంటుంది, కొన్నిసార్లు నికెల్ కింద రాగి కూడా. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య వస్తువును నీళ్ల తొట్టిలో ముంచి కడుగుతారు. ఆ కడిగిన నీళ్లను ఏం చేస్తారని అడిగితే ఎక్కువగా వినబడే జవాబు ఇది: "సున్నం వేసే వదులుతామండీ."

ఈ జవాబులో సగం నిజం ఉంది. కొన్ని లోహాలు సున్నానికి బాగానే లొంగుతాయి. కొన్ని ఎంత సున్నం పోసినా లొంగవు. ఇంకొన్ని నీళ్లు పొరపాటున యాసిడ్‌తో కలిశాయంటే పక్కన ఉన్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది. నిజానికి ప్లేటింగ్ (లోహపు పూత వేసే పని) నీళ్ల శుద్ధిలో ఉన్న కెమిస్ట్రీలో చాలావరకు ఇంటర్‌లో చదివిందే. చిక్కంతా వరసలో ఉంది. ఏ నీళ్లను విడిగా ఉంచాలి, ఏది ముందు వేయాలి, ఎక్కడ ఆపాలి అన్నది తెలియకపోతే, మందులకు డబ్బు ఖర్చయినా లోహం మాత్రం కాలువకే పోతుంది.

మన ఊళ్లో ఈ సంగతికి బరువెక్కువ. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్లు అందుకున్న ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊరి మధ్యలోంచే దిగువకు పోతాయి. అవి పొలాలకు పారడంతో పాటు, వేసవిలో డెల్టా పల్లెల మంచినీళ్ల చెరువుల్నీ నింపుతాయి. ఇళ్ల మురుగైతే దారిలో సూక్ష్మజీవులు కొంత తిని తేలిక చేస్తాయి. సీసాన్నీ కాడ్మియాన్నీ తిని మాయం చేసే జీవి ఏదీ లేదు. లోహం కుళ్లదు, ఆవిరి కాదు, చోటు మాత్రమే మారుతుంది.

ఒక లీటరు వెనక 13 లక్షల లీటర్లు

తొట్టిలో ఉన్న ద్రావణాన్ని ఎవరూ పారబోయరు, అది ఖరీదైన సరుకు. బయటికి పోయేది వస్తువుకు అంటుకుని పోయే తడి. తొట్టిలోంచి జిగ్గు (వస్తువుల్ని తగిలించే చట్రం) పైకి తీసినప్పుడు బోల్టు గుంతల్లో, బంపర్ వంపుల్లో, పైపు లోపల కొంచెం ద్రావణం మిగిలిపోయి కడుగుడు తొట్టిలోకి చేరుతుంది. ప్లేటింగ్ వాళ్లు దీన్ని డ్రాగ్‌అవుట్ అంటారు.

మామూలు క్రోమ్ తొట్టిలో లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్ ఉంటుంది. అందులో క్రోమియం 130 గ్రాములు. అది కూడా క్రోమియం-6, అంటే హెక్సావలెంట్ రూపం. మన పర్యావరణ నిబంధనల ప్రకారం ప్లేటింగ్ యూనిట్ వదిలే నీళ్లలో క్రోమియం-6 లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. ఇప్పుడు లెక్క వేయండి. తడి రూపంలో జారిపోయిన ఒక్క లీటరు ద్రావణాన్ని ఆ పరిమితికి పలచన చేయాలంటే 13 లక్షల లీటర్ల నీళ్లు కావాలి. పది వేల లీటర్ల ట్యాంకర్లు 130 అన్నమాట. ఇంకాసిన్ని నీళ్లు పోస్తే సరిపోతుందిలే అనుకునేవాళ్లు ఒకసారి ఈ లెక్క చూసుకోవాలి.

క్రోమియం-6 మీద ఇంత కఠినం ఎందుకంటే, అది క్రోమేట్ రూపంలో అచ్చం సల్ఫేట్ లాగే ఉంటుంది. మన కణాలు సల్ఫేట్‌ను లోపలికి రానిచ్చే దారిలోనే దీన్నీ రానిస్తాయి. లోపలికి వెళ్లాక అది క్రోమియం-3 అనే ఇంకో రూపంగా మారే క్రమంలో డీఎన్‌ఏను దెబ్బ తీస్తుంది. క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయిన పదార్థాల జాబితాలో ఇది మొదటి వర్గంలో ఉంది, నికెల్ సమ్మేళనాలూ అదే వర్గం. క్రోమ్ తొట్టి మీద లేచే తుంపరను ఏళ్ల తరబడి పీల్చిన పనివాళ్లకు ముక్కు దూలానికి రంధ్రం పడడం వైద్యులకు పాత సంగతే. కరెంటు పెట్టినప్పుడు అందులో ఎనభై శాతానికి పైగా పూత వేయడానికి బదులు హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే పోతుంది. ఆ బుడగలు పగిలినప్పుడు లేచేదే ఈ తుంపర. నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ గాలి సంగతి మరుగున పడుతుంది గానీ, ముందు దెబ్బ తినేది తొట్టి దగ్గర నిలబడ్డవాడే.

సున్నం ఏం చేస్తుంది, ఏం చేయలేదు

సున్నమో కాస్టిక్ సోడానో వేస్తే నీళ్ల పీహెచ్ (యాసిడ్, క్షార గుణాల కొలత; 7 కింద యాసిడ్, పైన క్షారం) పెరుగుతుంది. అప్పుడు రాగి, నికెల్, జింకు లాంటివి హైడ్రాక్సైడ్లుగా మారి కరగని ముద్దలై అడుక్కి దిగుతాయి. ఇంతవరకు షాపు వాళ్ల మాట నిజం. కానీ ప్రతి లోహానికీ అన్నిటికన్నా బాగా దిగే పీహెచ్ ఒకటుంది, అది ఒక్కో దానికి ఒక్కో రకం. క్రోమియం-3కి 8 అటూ ఇటూ. రాగికి 9 దగ్గర. జింకుకు 9 దాటి. నికెల్ 10 దాటితే గానీ సరిగ్గా దిగదు. కాడ్మియంకు ఇంకా పైకి, 11 దాకా పోవాలి.

సరే, నేరుగా 11కు తీసుకెళ్తే అన్నీ దిగుతాయిగా అనిపించవచ్చు. దిగవు. క్రోమియం-3కీ జింకుకూ రెండు వైపులా కరిగే గుణం ఉంది. హద్దు దాటి క్షారం పోస్తే, దిగిన ముద్ద మళ్లీ కరిగి నీళ్లలోకి వచ్చేస్తుంది. ఎక్కువ సున్నం వేశాం కాబట్టి ఎక్కువ శుభ్రమైందనే లెక్క ఇక్కడ చెల్లదు. అన్నీ కలిసిన నీళ్లకు 9, 9.5 మధ్య రాజీ పడడం వాడుక. పరిమితుల్లో నికెల్‌కు లీటరుకు 3 మిల్లీగ్రాముల దాకా వెసులుబాటు ఉంది కాబట్టి ఆ రాజీ చాలాసార్లు చెల్లుతుంది. నికెల్ పని ఎక్కువగా ఉండే షాపులో చెల్లదు. అక్కడ నికెల్ నీళ్లను విడిగా పట్టి 10.5 దగ్గర దింపుకోవలసిందే.

ఇంకో మెలిక. బయటికి వదిలే నీళ్ల పీహెచ్ 6 నుంచి 9 లోపు ఉండాలని నిబంధన. కాబట్టి చివర్లో కొంచెం యాసిడ్ వేసి తగ్గించాలి. ఆ యాసిడ్‌ను బురద విడదీశాకే వేయాలి. బురద ఇంకా తొట్టిలో ఉండగానే వేస్తే, అంతసేపూ దింపిన లోహం మళ్లీ నీళ్లలోకి లేస్తుంది.

ఇక సున్నానికి అస్సలు లొంగనిది క్రోమియం-6. అది నీళ్లలో క్రోమేట్ అయాన్‌గా, రుణావేశంతో ఉంటుంది. హైడ్రాక్సైడ్ కావడం దాని స్వభావంలోనే లేదు. పీహెచ్ 8 అయినా 12 అయినా పసుపు నీళ్లు పసుపు నీళ్లుగానే ఉంటాయి. దాన్ని ముందు క్రోమియం-3గా మార్చాలి, తర్వాతే సున్నం. మార్చడానికి సున్నానికి సరిగ్గా వ్యతిరేక దిశలో పోవాలి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్‌ను 2, 3 మధ్యకు దించి, సోడియం మెటాబైసల్ఫైట్ వేయాలి.

దీన్ని ఒక బీకర్‌లో చేసి చూస్తే సంగతి కళ్లకు కడుతుంది. లేత నిమ్మపసుపు రంగులో కడుగుడు నీళ్లు తీసుకుని రెండు చుక్కల యాసిడ్ వేస్తే రంగు కాస్త నారింజ వైపు తిరుగుతుంది. చిటికెడు మెటాబైసల్ఫైట్ వేసి కలిపితే అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు ముక్కుకు తగులుతుంది (ఈ పని కిటికీ పక్కన చేయాలి). నారింజ పోయి పాచి రంగు, అది పోయి నీలం కలిసిన ఆకుపచ్చ వస్తుంది. అదే క్రోమియం-3. ఇప్పుడు కాస్టిక్ చుక్కలుగా వేస్తూ పోతే 7 దాటాక నీళ్లు ఒక్కసారిగా మసకబారి బూడిద ఆకుపచ్చ పొగలా కమ్ముకుంటాయి. సన్నటి రేణువుల్ని పోగుచేసే పాలీఎలక్ట్రోలైట్ మందు ఒక్క చుక్క వేసి మెల్లగా తిప్పితే ఆ పొగ పోగుపడి రేకులు కట్టి అడుక్కి జారుతుంది, పైన తేట నిలుస్తుంది. ఇదే బీకర్లో యాసిడ్, మెటాబైసల్ఫైట్ మెట్లు వదిలేసి నేరుగా సున్నం వేసి చూడండి. సున్నం తేటపడ్డాక పైన నిలిచేది పసుపు నీళ్లే.

రంగు కనబడలేదు కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. కంటికి లేత పసుపు తెలిసే సరికే క్రోమియం-6 పరిమితికి ఎన్నో రెట్లు ఉంటుంది. పరీక్షకు డైఫినైల్ కార్బజైడ్ అనే కారకం వాడతారు. యాసిడ్ కలిపిన నీళ్లలో అది వేయగానే గులాబీ, ఊదా రంగు వస్తే క్రోమియం-6 మిగిలి ఉన్నట్టే. దీని కిట్లు అంత ఖరీదేం కాదు. ప్రతి క్రోమ్ షాపులో రెక్టిఫైయర్ (తొట్టికి డీసీ కరెంటు ఇచ్చే పెట్టె) పక్కనే ఒకటి ఉండాలనేది నా అభిప్రాయం.

మెటాబైసల్ఫైట్ బదులు చవకని ఫెర్రస్ సల్ఫేట్ వాడేవాళ్లున్నారు. అన్నభేది అంటే మన పాతతరానికి తెలుసు. పని చేస్తుంది, కాదనలేం. కానీ ఒక కిలో క్రోమియం-6ను మార్చడానికి మెటాబైసల్ఫైట్ మూడు కిలోలలోపు సరిపోతే, అన్నభేది 16 కిలోలు కావాలి. పైగా అందులోని ఇనుమంతా క్రోమియంతో పాటు బురదగా దిగుతుంది. మొదటి దారిలో కిలో క్రోమియానికి రెండు కిలోల పొడి హైడ్రాక్సైడ్ వస్తే, రెండో దారిలో ఎనిమిది. మందు దగ్గర మిగిల్చిన డబ్బు బురద దగ్గర పోతుంది.

కలవకూడని నీళ్లు

రాగి, జింకు, వెండి, బంగారు పూతల్లో చాలాచోట్ల సయనైడ్ తొట్లు వాడతారు. ఇక్కడి నుంచి ఒక గంటన్నర దూరంలో ఉన్న బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పేరు. అలాంటి నగల మీద బంగారు పూత వేసే తొట్లలో మామూలుగా ఉండేది కూడా సయనైడ్ లవణమే. లోహాన్ని గట్టిగా పట్టి ఉంచి సన్నగా, సమంగా పూత పడేలా చేయడం సయనైడ్ గొప్పతనం. కడుగుడు నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టే శత్రువు. సయనైడ్ పట్టుకున్న లోహాన్ని సున్నం విడిపించలేదు.

అందుకే ముందు సయనైడ్‌ను విరగ్గొట్టాలి. పీహెచ్ 10 పైన ఉంచి సోడియం హైపోక్లోరైట్ వేస్తే సయనైడ్ కాస్తా, దానికన్నా చాలా తక్కువ విషమున్న సయనేట్ అవుతుంది. తర్వాత పీహెచ్‌ను 8.5 దగ్గరికి తెచ్చి ఇంకొంచెం హైపోక్లోరైట్ వేస్తే అది నైట్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. మొదటి మెట్టులో పీహెచ్ 10 కన్నా తగ్గనివ్వకూడదు. తగ్గితే సయనోజెన్ క్లోరైడ్ అనే విషవాయువు నీళ్లలోంచి బయటికొస్తుంది.

ఇప్పుడు రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. క్రోమ్ నీళ్లను యాసిడ్ వైపు దించాలి. సయనైడ్ నీళ్లను క్షారం వైపు ఎత్తాలి. ఈ రెండూ ఒకే గొట్టంలో పోసిన షాపులో ఏ మందు ముందు వేసినా తప్పే. సయనైడ్ నీళ్లలో యాసిడ్ పడితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. పీహెచ్ 9 కిందికి జారితే చాలు, సయనైడ్‌లో ఎక్కువ భాగం వాయువుగా లేచే రూపంలోకి మారిపోతుంది. మూసి ఉన్న గదిలో, సంపులోకి దిగి పనిచేసే మనిషికి ఇక రెండో అవకాశం ఉండదు. అందుకే క్రోమ్ నీళ్లు ఒక సంపు, సయనైడ్ నీళ్లు ఒక సంపు, మిగతా యాసిడ్, క్షార కడుగుడు నీళ్లు ఇంకో సంపు అన్నది ఏ పుస్తకంలోనైనా మొదటి పాఠం. దీనికి మిషన్లు అక్కర్లేదు, గచ్చు వేసేటప్పుడే మూడు వేర్వేరు గొట్టాలు వేస్తే చాలు. పాత షాపుల్లో గచ్చు తవ్వాలి కాబట్టి ఎవరూ ముట్టుకోరు, అసలు అడ్డంకి అదీ.

సయనైడ్ విరిగాక, క్రోమియం మారాక, అప్పుడు మూడూ ఒక చోట కలిపి సున్నం వేసుకోవచ్చు. అక్కడా ఒక జాగ్రత్త ఉంది. సయనైడ్ వైపు నుంచి వచ్చే నీళ్లలో హైపోక్లోరైట్ ఎక్కువ మిగిలి ఉంటే, క్షారంలో అది క్రోమియం-3ను పట్టి తిరిగి క్రోమియం-6గా మార్చేయగలదు. మొదటి తొట్టిలో పరీక్ష బాగా వచ్చి, చివరి గొట్టం దగ్గర ఫెయిలైన చోట్ల ముందు అనుమానించవలసింది దీన్నే.

సయనైడ్ లేకపోయినా లోహాన్ని పట్టి ఉంచేవి ఇంకా ఉన్నాయి. అమ్మోనియా, సిట్రేట్, టార్ట్రేట్, ఈడీటీఏ. కరెంటు లేకుండా వేసే ఎలక్ట్రోలెస్ నికెల్ తొట్లలో ఇలాంటివి లేకుండా పని జరగదు. ఆ నీళ్లకు సల్ఫైడ్, లేదా డైథయోకార్బమేట్ జాతి మందులు వాడతారు. లోహ సల్ఫైడ్ల కరిగే గుణం హైడ్రాక్సైడ్లకన్నా బాగా తక్కువ కాబట్టి పట్టున్నా ఊడి దిగుతాయి. అయితే సల్ఫైడ్ యాసిడ్ నీళ్లలో పడితే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన గుడ్ల వాసన. అక్కడా వరసే ముఖ్యం.

గుర్రపుడెక్క, ఆర్‌ఓ

మన కాలువల నిండా గుర్రపుడెక్కే. అది లోహాల్ని పీల్చుకుంటుంది, దాంతో శుద్ధి చేసేయొచ్చని మొబైల్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. పీల్చుకునే మాట నిజమే. వరి ఊక, అరటి తొక్క కూడా కొంత పట్టుకుంటాయి. కానీ అవి బాగా పలచన నీళ్లకు, ఆఖరి మెరుగుకు పనికొచ్చేవి. ప్లేటింగ్ షాపు నీళ్ల గాఢతకు మొక్కే చచ్చిపోతుంది. బతికినా లోహం దాని ఆకులో, వేరులో ఉంటుంది. దాన్ని గట్టు మీద కుప్ప వేస్తే కుళ్లి మళ్లీ కాలువలోకే వస్తుంది, గేదె మేస్తే పాలల్లోకి రావచ్చు. ఆర్‌ఓ సంగతీ ఇంచుమించు అంతే. ఒక వైపు మంచి నీళ్లు, ఇంకో వైపు అదే లోహం మరింత చిక్కగా. ఆ చిక్కటి నీళ్లకు దారి చూపించకుండా ఆర్‌ఓ పెట్టామని చెప్పడం సగం లెక్క చూపించడమే.

నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన శుద్ధి, నీళ్లలోకి లోహం పోకుండా చూసుకోవడం. జిగ్గును తొట్టి మీద ఇంకొన్ని క్షణాలు వేలాడనిచ్చి, గుంత కిందికి ఉండేలా తగిలిస్తే తడి చాలావరకు తొట్టిలోకే తిరిగిపోతుంది. నికెల్ తొట్టి వేడిగా ఉంటుంది, రోజూ కొంత ఆవిరై తగ్గుతుంది. ఆ తగ్గినంత మేరకు మొదటి కడుగుడు నీళ్లనే తిరిగి పోసుకుంటే కొన్న నికెల్ షాపులోనే ఉంటుంది.

కడగడంలోనూ లెక్క ఉంది. పంపు తిప్పి ఒకే తొట్టిలో కడిగి వెయ్యి రెట్లు పలచన చేయాలంటే ఒక లీటరు తడికి వెయ్యి లీటర్లు పోవాలి. పెళ్లి వంటల దగ్గర గిన్నెలు కడిగే ఆడవాళ్లు ఆఖరి గంగాళంలో నీళ్లను మొదటి గంగాళానికి వాడుకున్నట్టు, రెండు తొట్లు పెట్టి తాజా నీళ్లు చివరి తొట్టిలోకి, అక్కడి నుంచి ముందు తొట్టిలోకి పారిస్తే అదే శుభ్రతకు సుమారు 32 లీటర్లు చాలు. మూడు తొట్లయితే పదే. ఒక్క తొట్టి కొత్తగా పెట్టి, నీళ్ల ఖర్చు ముప్ఫయ్యో వంతుకు దించగలిగే మార్పు ఫ్యాక్టరీల్లో అరుదు. నీళ్లు తక్కువైతే శుద్ధి తొట్లు కూడా చిన్నవే సరిపోతాయి.

క్రోమియం-3తోనే నేరుగా పూత వేసే తొట్లు కూడా వచ్చాయి. రంగు కొంచెం తేడా, తొట్టిని చూసుకోవడం కొంచెం సున్నితం. అలంకారం కోసం వేసే పూతకు బాగానే సరిపోతాయి.

ఒక్కో చిన్న షాపూ సొంతంగా పూర్తి ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) పెట్టుకోవాలనడం కాగితం మీద బాగుంటుంది. నలుగురు మనుషులు, అద్దె షెడ్డు, అందులో పీహెచ్ మీటరును వారం వారం సరిచూసే మనిషి ఎక్కడినుంచి వస్తాడు? చిన్న షాపులన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉండడమే నయం. కానీ అందరి నీళ్లూ ఒకే గొట్టంలో తెచ్చే ఉమ్మడి కేంద్రం అయితే, షాపులో చేసిన తప్పునే ఊరంత చేసినట్టు. క్రోమ్ నీళ్లకు ఒక రంగు డ్రమ్ము, సయనైడ్ నీళ్లకు ఇంకో రంగు డ్రమ్ము పెట్టి విడివిడిగా తీసుకెళ్లేలా ఉండాలి.

బురద లెక్క

ఇంత చేశాక మిగిలేది బురద. ఫిల్టర్ ప్రెస్‌లో పిండాక కూడా అందులో సుమారు మూడింట రెండొంతులు నీళ్లే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అది మామూలు చెత్త కాదు. రోడ్డు గుంతలో పోయడానికి, ఇటుకల బట్టీకి ఇచ్చేయడానికి లేదు. యూనిట్‌లో 90 రోజులు, బాగా చిన్నవాళ్లకు అనుమతితో 180 రోజుల దాకా ఉంచుకుని, అనుమతి ఉన్న కేంద్రానికి రసీదుతో పంపాలి. ఆంధ్రలో అలాంటిది విశాఖ దగ్గర పరవాడలో ఉంది. అక్కడిదాకా రవాణా ఖర్చు చిన్న షాపుకు మోపెడవుతుంది కాబట్టి, కొందరు కలిసి ఒక లారీ మాట్లాడుకోవాలి. పారేస్తే ఏమవుతుందో తెలియాలంటే తమిళనాడులోని రాణిపేట చూడాలి. మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలేసిన వ్యర్థపు గుట్టలోంచి దశాబ్దాల తర్వాత కూడా పసుపు నీళ్లు భూమిలోకి ఇంకుతూనే వచ్చాయి.

ఒక షాపు నిజంగా శుద్ధి చేస్తోందా లేదా అన్నది తెలుసుకోవడానికి సున్నం బిల్లు చూడనక్కర్లేదు. కొన్న క్రోమిక్ యాసిడ్‌కూ పంపిన బురదకూ పొంతన చూడాలి. 25 కిలోల క్రోమిక్ యాసిడ్‌లో 13 కిలోల క్రోమియం ఉంటుంది. మెరుపు కోసం వేసే క్రోమ్ పూత మందం మైక్రాన్‌లో మూడో వంతు కూడా ఉండదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఒక చదరపు మీటరుకు రెండు గ్రాములే పడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల పని చేసినా పూతగా వెళ్లింది రెండు కిలోలు. తొట్టి బలం ఎప్పటిలాగే ఉందంటే మిగతా 11 కిలోల్లో కొంత తుంపరగా పోయి ఉంటుంది, మిగిలిందంతా కడుగుడు నీళ్లలోకి వెళ్లి ఉండాలి. ఆ 11 కిలోలూ సరిగ్గా దిగితే పొడిగా 22 కిలోల హైడ్రాక్సైడ్, పిండిన తడి బురదగా సుమారు 70 కిలోలు, సున్నం వాడితే ఇంకా ఎక్కువే. రిజిస్టర్‌లో ఒక గోనెసంచీ మాత్రమే రాసి ఉంటే, మిగతా సంచీల క్రోమియం ఏ గొట్టంలోంచి పోయిందో షాపు గచ్చు మీదే వెతకాలి.